ఆరు భాషల్లో నా మౌనం

పోయినవారం ఎక్కడ ఆగామో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. గుర్తున్నవాళ్లు ఈలోగా కాఫీ కలుపుకోవచ్చు.

నా పేరు బైకియా. కిరిబాస్ దీవుల్లో బికెరాయి అనే ఊరు మాది. ఎనిమిదో ఏట బడి ఎగ్గొట్టి, పెద్దయ్యాక ఇరవై రెండేళ్లు ఓడల్లో వంట చేసి, పళ్లు ఊడాక ఊరి పెద్దల్లో ఒకణ్ణయ్యాను. నా తమ్ముడి కూతురు తెరాక వాతావరణం చర్చల్లో మా దేశం తరఫున మాట్లాడే మనిషి. ఏ దేశం ఎంత పొగ తగ్గించుకోవాలో ఒప్పందం రాసుకోవడానికి ప్రపంచమంతా జర్మనీలో, రైన్ నది ఒడ్డున ఉన్న బాన్ పట్నంలో కూర్చుంది. మా బృందం మొత్తం ముగ్గురం. మూడోవాడు జ్వరంతో హోటల్లో దుప్పటి కప్పుకున్నాడు. చర్చలు ముగియడానికి ఒక్క రోజు ముందు, పొద్దుటి సభలో ఉండగా తెరాకని ఎవరో బయటికి పిలిచారు. వెళ్తూ వెళ్తూ మా దేశం పేరు రాసిన పలక నా ముందుకి జరిపి, “పెదనాన్నా, తొమ్మిదో పేరా వస్తే ఒప్పుకోకు” అని ఒక్క మాట చెప్పి వెళ్లింది. ఆమె వెనక తలుపు మూసుకుందో లేదో, అధ్యక్షుడు తొమ్మిదో పేరా తీశాడు. అదీ సంగతి.

అసలు కథలోకి వెళ్లే ముందు ఒకటి. ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. ‘తాతా, మొదటివారం నీ సొరచేప పన్నెండు అడుగులు, నాలుగోవారానికి ఇరవై అయింది, తిండి ఏం పెడుతున్నావు?’ అని. మీలాంటి వాళ్ల ఉత్తరాలే తల్లీ దాని తిండి! ఈ వారం చెప్పబోయేదాంట్లో మాత్రం ఒక్క అంగుళం కూడా పెంచలేదు. ఆ అవసరం రాలేదు.

తొమ్మిదో పేరా మా చిన్న దీవులన్నీ కలిసి రాయించుకున్నది. భూమి వేడి ఒకటిన్నర డిగ్రీ దాటకుండా ఉండటానికి ప్రతి దేశం ఏ ఏడుకి ఎంత పొగ తగ్గిస్తుందో చెప్పాలి. చెప్పింది చేయకపోతే ఏటేటా అందరి ముందూ నిలబడి, ఎందుకు చేయలేదో జవాబివ్వాలి. అంతే. ఆ పేరా లేకపోతే మిగతా ఒప్పందమంతా పెళ్లిలో వేసుకునే కుశల ప్రశ్నలే. ఆ పొద్దున అధ్యక్షుడు చదివింది దాని కొత్త రూపం. వీలున్న దేశాలు వీలున్నంత తగ్గించడానికి ప్రయత్నం చేయవచ్చునట! ఏడు లేదు, లెక్క లేదు, జవాబు లేదు. చేపల పులుసులోంచి చేపలన్నీ తీసేసి, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టుంది. వంటవాణ్ణి కదా, నాకు తెలియదా?

“ఎవరికైనా అభ్యంతరముందా?” అన్నాడు అధ్యక్షుడు.

నేను కాదన్నాను. మా ఊళ్లో కాదనే పద్ధతిలో కాదన్నాను.

మా మనేయబలో, అంటే ఊరంతా కూర్చునే ఆ గోడల్లేని పెద్ద కప్పు కింద, ఏ వంశం చోటు ఆ వంశానిది. పెద్దవాడు ఒక మాటకి ఒప్పుకుంటే పైకి చెబుతాడు. ఒప్పుకోకపోతే చెప్పడు. ఎదుటివాణ్ణి పదిమందిలో కాదనడం మోటుతనం. అందుకని చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, కళ్లు చాప మీదికి దించి, ఊరుకుంటాడు. ఆయన నోరు తెరిచేదాకా ఊరు కదలడానికి లేదు. అవసరమైతే చాపలు అక్కడే పరుచుకుని పడుకుంటారు. మా తాత ఒకసారి సరిహద్దు తగాదాలో ఎంతసేపు ఊరుకున్నాడంటే, ఆయన తల మీద సముద్రపు కాకి గూడు కట్టి మూడు గుడ్లు పెట్టింది. పిల్లలు ఎగిరిపోయాకే తాత ఔనన్నాడు.

అందుకని నేను చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాను. కళ్లు దించాను. ఊపిరి కూడా సన్నగా తీసుకున్నాను. డెబ్బై నాలుగేళ్ల జీవితంలో అంత గట్టిగా ఎవర్నీ ఎప్పుడూ కాదనలేదు.

టక్!

చెక్క సుత్తి దెబ్బ. నాకు మహా సంతోషమేసింది. నా కాదనడం గమనించి, సభని ఆపడానికే కొట్టాడనుకున్నాను. పక్క బల్ల దగ్గరి ఆవిడకి తల వంచి నమస్కరించాను. ఆవిడ నన్ను విచిత్రంగా చూసింది. అధ్యక్షుడు పదో పేరా చదివాడు, టక్. పదకొండు, టక్. ఓహో, నా జవాబు కోసం ఎదురుచూస్తూ ఈలోగా చిల్లర పనులు తెముల్చుకుంటున్నారు కాబోలు అనుకుని, సంచిలోంచి మొగలిపండు తాండ్ర ముక్క తీసి నములుతూ కూర్చున్నాను.

పన్నెండో పేరాకి తెరాక వచ్చింది. గోడ మీది తెర వంక చూసింది. నా వంక చూసింది. మళ్లీ తెర వంక చూసింది. నా చెయ్యి పట్టుకుని నడవలోకి లాక్కెళ్లింది. ఆ పట్టు చూస్తే పెద్ద చేపని గాలం మీద లాగడం వాళ్ల నాన్నే నేర్పాడనిపించింది.

“పెదనాన్నా, నేను నీకేం చెప్పి వెళ్లాను?”

“ఒప్పుకోవద్దన్నావు.”

“మరి?”

“ఒప్పుకోలేదుగా! పెదవి కదిపితే ఒట్టు. పక్కావిడని అడుగు కావాలంటే.”

తెరాక గోడకి చేరగిలబడింది.

“పెదనాన్నా... ఇక్కడ మాట్లాడకపోతే ఔనన్నట్టు.”

“ఏమిటీ?”

“అభ్యంతరముంటే పలక ఎత్తి నిలబెట్టాలి. ఎవరూ నిలబెట్టకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. సుత్తి కొట్టేస్తారు. కొట్టేశారు.”

“మాట్లాడనివాడు ఒప్పుకున్నట్టా? అదెక్కడి న్యాయమే! అట్లాగైతే చచ్చిపోయినవాళ్లందరూ దేనికైనా ఒప్పుకున్నట్టే కదా!”

“నాతో వాదించి ఏం లాభం? తప్పు నాది. పలక ఎత్తమని విడమరిచి చెప్పాల్సింది. మనేయబలో పెరిగిన మనిషికి ఒప్పుకోకు అని మాత్రం చెప్పి పోయాను.” “పన్నెండేళ్లు, పెదనాన్నా. ఆ పేరా కోసం పన్నెండేళ్లు. పాపకి పళ్లొచ్చినప్పుడు నేను లేను, నడక వచ్చినప్పుడు లేను. ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక హాల్లో ఆ పేరాకి కాపలా కాస్తూ కూర్చున్నా. ఇవాళ పావుగంట బయటికెళ్లా.”

ఆమె ఏడిస్తే ఓదార్చేవాణ్ణి. ఏడవలేదు. అది ఇంకా కష్టం.

నా సంచిలో ఒక బ్వబ్వాయ్ దుంప, అంటే మా దీవుల చేమదుంప, ఉంది. ఉడకబెట్టి, ఆకులో చుట్టి ఊరివాళ్లు ఇచ్చి పంపింది. విమానాశ్రయంలో దాని గురించి అధికారికి ఏం చెప్పి ఒప్పించానో మూడోవారంలో రాశాను, మళ్లీ రాయను. నా గుప్పెడంత ఉంటుంది. మా ఇంటి గుంటలో పండినదాంట్లో అదే పెద్దది. నీటి అడుగు దాకా తవ్విన గుంట అది, మా ముత్తాతల నాటిది. మూడేళ్ల కిందట పెద్ద పోటు వచ్చి సముద్రం అందులోకి దిగింది. ఉప్పు తిన్న గుంట మళ్లీ మంచినీటి గుంట కావాలంటే ఏళ్లు పడుతుంది. ఈలోగా ఇంకో పోటు వస్తే ఇక ఎప్పటికీ కాదు. అలాంటి పోటు తరచు రాకుండా చూడమనే తొమ్మిదో పేరా అడుగుతోంది. దాన్ని నేను నోరు మూసుకుని చంపేశాను.

“సరే, తెరాకా. చెడగొట్టినవాణ్ణి నేను, బాగుచేసేదీ నేనే. ఆ సుత్తాయన ఎక్కడుంటాడు?”

“సుత్తి పడ్డాక తిరగతోడరు.”

“అడిగితే ఏం పోయింది? ముప్ఫై మంది నావికులకి ఒకే కోడితో విందు పెట్టినవాణ్ణి. అధ్యక్షుడో లెక్కా?”

“పోయినసారి ఇరవై మంది అన్నావు” అంది తెరాక. నవ్వలేదు గానీ మొహం కొంచెం విప్పారింది.

అధ్యక్షుడి పేరు బర్రియోస్. దక్షిణ అమెరికావాడు. నా ఈడువాడే, మీసం మాత్రం నాకంటే రెండింతలు. కాఫీ బల్ల దగ్గర ఒంటరిగా దొరికాడు. నాకు వచ్చినది ఓడల్లో వంటగది ఇంగ్లీషు. అది ఆయనకి బాగానే అర్థమైంది.

“అయ్యా, పొద్దున మీరు అభ్యంతరముందా అని అడిగారు. నేను ఉందన్నాను. మీరు వినిపించుకోలేదు.”

“మీరసలు మాట్లాడనేలేదే, పెద్దాయనా!”

“మాట్లాడితే ఔనన్నట్టు కదండీ!”

కాఫీ ఆయన మీసంలోకి పోయింది. తుడుచుకుని, “ఇంకోసారి చెప్పండి” అన్నాడు. చెప్పాను. మనేయబ గురించి చెప్పాను, మోకాళ్ల మీద చేతుల గురించి చెప్పాను. తాత నెత్తిన గూడు సంగతి కూడా చెప్పాను. వెనక నిలబడ్డ తెరాక దగ్గింది. బర్రియోస్ గారు నవ్వడం ఆపి, కప్పు కింద పెట్టాడు.

“ముప్ఫై ఏళ్లుగా సుత్తి కొడుతున్నాను. ఈ మాట నాకెవరూ చెప్పలేదు” అన్నాడు. “చూడండి. సుత్తి పడ్డ పేరాని తిరిగి తెరవాలంటే ఒక్క దేశం కూడా వద్దనకూడదు. నాలుగింటి సభలో నేను అడుగుతాను. అంతవరకే నా చేతిలో ఉంది. కానీ ఆయన ఉన్నాడే...” కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి వైపు కళ్లతోనే చూపించాడు.

బంగారు కళ్లద్దాల పెద్దమనిషి. చమురు అమ్ముకునే ఒక దేశం తరఫున వచ్చాడు. ఏ దేశమో చెప్పను. అలాంటివి చాలా ఉన్నాయి, భుజాలు తడుముకునేవాళ్లని తడుముకోనివ్వండి. తొమ్మిదో పేరా కొత్త రూపం ఆయన రాయించిందే. ఎప్పుడూ గొంతు పెంచడు, ఎప్పుడూ తొందరపడడు. అలాంటివాళ్లతోనే పేకాట ఆడకూడదని ఓడల్లో నేర్చుకున్నాను.

మా చూపు గమనించి తనే వచ్చాడు. “నెయ్ తెరాకా, విచారంగా ఉంది” అన్నాడు మర్యాదగా, మా దీవుల్లో ఆడవాళ్ల పేరు ముందు పెట్టే ‘నెయ్’ కూడా చేర్చి. “కానీ సభ సభే. కుర్చీలో ఉన్న మనిషి అభ్యంతరం చెప్పలేదు. ఈసారి కుర్చీలో ఎవర్ని కూర్చోబెడుతున్నారో చూసుకోండి.”

“కుర్చీలో కూర్చున్నవాణ్ణి నేనే బాబూ, నాతోనే చెప్పు” అన్నాను. “మా ఊళ్లో మనిషి ఎదురుగా ఉండగా అతని గురించి పక్కవాళ్లకి చెప్పరు.”

ఆయన నా వైపు తిరిగాడు. ఏదో అనబోయి, మా ఊరి అల్లిక ఉన్న నా సంచి వంక ఒకసారి చూసి, అనకుండానే వెళ్లిపోయాడు.

“రాసిపెట్టుకోండి, వద్దంటాడు” అన్నాడు బర్రియోస్.

“అననివ్వండి. మీరు అడిగే ముందు నాకు రెండు నిమిషాలు ఇప్పించండి.”

“ఏం మాట్లాడతారు?”

“అప్పుడే విందురుగాని.”

నాలుగు గంటల లోపల తెరాక నా కోసం ఉపన్యాసం రాసింది. చక్కగా ఉంది. ఆమె చదివితే విని, కాగితం మడిచి, ఆమె జేబులోనే పెట్టాను.

“ఇది వద్దే.”

“మరేం చెబుతావు? పెదనాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఆ గుడ్ల కథ మాత్రం చెప్పకు. బ్వబ్వాయ్ దుంపని ఇద్దరు మనుషులు కర్రకి కట్టి మోసుకొచ్చేవాళ్లు అనే కథ అసలు చెప్పకు.”

“అది కథ కాదే, నిజం! మా చిన్నప్పుడు మన గుంటలో...”

“ఆ, ఆ. మనూళ్లో పిల్లలు కూడా నవ్వుతారు దానికి. రెండు నిమిషాలే, గుర్తుందిగా? ఆరింటికి దుబాసీలు వెళ్లిపోతారు. సభ సాగదీస్తే అసలుకే మోసం.”

“సాగదీయను. నా అంత పొదుపుగా మాట్లాడేవాడు ఈ హాల్లో ఇంతవరకు పుట్టలేదని ఇవాళ తెలుస్తుంది నీకు.”

నాలుగింటికి హాలు నిండింది. నూట తొంభై పైచిలుకు దేశాలు. వాళ్ల నెత్తి మీద, గాజు గదుల్లో ఆరు భాషల దుబాసీలు. బర్రియోస్ నా పేరు పిలిచాడు. మైకు దగ్గరికి వంగాను.

“పొద్దున మీరడిగిన ప్రశ్నకి మా ఊరి జవాబు ఇది” అన్నాను. అంతే.

సంచిలోంచి ఆకు పొట్లం తీసి, విప్పి, గుప్పెడు దుంపని బల్ల మీద పెట్టాను. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాను. కళ్లు దించాను.

మొదట అందరూ నేను గొంతు సవరించుకుంటున్నానని అనుకున్నారు. తర్వాత చెవుల్లో పెట్టుకున్న యంత్రాలు పాడయ్యాయనుకున్నారు. తట్టుకున్నారు, తీసి ఊదారు, మీటలు తిప్పారు. అరబ్బీలో ఏమీ రాలేదు. ఫ్రెంచిలో ఏమీ రాలేదు. చైనా భాషకి తిప్పి చూసినవాళ్లకి అక్కడా ఏమీ రాలేదు. దుబాసీలు మైకులకి దగ్గరగా జరిగి, నా ఊరుకోవడాన్ని ఉన్నదున్నట్టు ఆరు భాషల్లోకి మార్చారు. ఒక్క పొల్లు కూడా తేడా లేదు. నా మాటలు అంత సరిగ్గా ఎవరూ ఎన్నడూ అనువదించలేదు.

అరనిమిషానికి దగ్గులు ఆగిపోయాయి. నిమిషానికి కుర్చీల కిర్రుమనడం ఆగిపోయింది. ఓరకంట చూశాను. పక్క బల్ల దగ్గరి ఆవిడ, పొద్దున నన్ను విచిత్రంగా చూసినావిడ, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుంది. ఆవిడ వెనక మా పొరుగు దీవులవాళ్లు. తర్వాత ఎక్కడో కొండల దేశంవాళ్లు, సముద్రమంటే బొమ్మలో తప్ప చూడనివాళ్లు, వాళ్లూ పెట్టుకున్నారు. హాల్లో సగం మోకాళ్లు చేతుల కింద ఉన్నాయి. సగం అంటే సగమే, పెంచలేదు.

బంగారు కళ్లద్దాలాయన మాత్రం నా వంక చూడటం లేదు. దుంప వంక చూస్తున్నాడు. కళ్లద్దాలు తీశాడు, తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

రెండు నిమిషాలు అయ్యాయి. బర్రియోస్ గొంతు బాగా తగ్గించి అడిగాడు. “తొమ్మిదో పేరాని తిరిగి తెరవడానికి ఎవరికైనా అభ్యంతరముందా?”

ఎంత చిత్రం చూడండి! పొద్దున నన్ను ముంచిన పద్ధతే ఇప్పుడు నా పక్కన నిలబడింది. అందరూ ఊరుకుంటే చాలు. తెరాక వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి.

కుడివైపు ఒక పలక నిలబడింది.

ఎవరిదో వేరే చెప్పాలా? హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. బంగారు కళ్లద్దాలాయన తొందర లేకుండా మైకు దగ్గరికి వంగాడు.

“అభ్యంతరం లేదు” అన్నాడు.

చెవుల్లోని యంత్రాలు మళ్లీ తట్టుకున్నారు జనం.

“ఒక షరతు ఉంది. రేపు పొద్దున పదింటికి మేము ఈ పేరా మీద మాట్లాడతాం. ఆ పెద్దాయనతో మాట్లాడతాం. ఆయన ఒక్కరితోనే. ఆ దేశం తరఫున ఇంకెవరూ గదిలో ఉండకూడదు. ఒప్పుకుంటేనే తెరవండి.”

తెరాక మొహం చూడలేకపోయాను. పన్నెండేళ్లు కాపలా కాసిన మనిషిని గుమ్మం బయట ఉండమంటున్నాడు. ఎనిమిదో ఏట బడి ఎగ్గొట్టిన ముసలాణ్ణి లోపలికి రమ్మంటున్నాడు. ఎందుకో తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మెత్తటి మనిషి, మాయ చేయొచ్చు అనుకున్నాడు.

“కిరిబాస్ ఏమంటుంది?” అన్నాడు బర్రియోస్, నా వైపు తిరిగి.

ఈసారి నాకు పద్ధతి తెలుసు. పలక మీద చెయ్యి వేశాను, ఎత్తి నిలబెడదామని. పలక లేవలేదు. తెరాక రెండు చేతులతో దాన్ని బల్లకి అదిమిపెట్టి ఉంచింది.

“ఎత్తకు, పెదనాన్నా.”

“నువ్వు లేకుండా నేనేం మాట్లాడతానే? ఆ కాగితాలు నాకు చదవడమే సరిగ్గా రాదు.”

“రాత్రికి నేను చదివి వినిపిస్తా. పేరా తెరుచుకుంటోంది, అది చూడు. నేను గదిలో ఉంటే ఏం, గుమ్మంలో ఉంటే ఏం?”

“నీకు అవమానం.”

“అవమానం నాది, నేను చూసుకుంటా. పన్నెండేళ్లు మాట్లాడి మాట్లాడి నేను తెరిపించలేని తలుపు నువ్వు నోరు మూసుకుని తెరిపించావు. రేపు నోరు తెరిచి ఏం చేస్తావో చూడాలని ఉంది నాకు.”

నేను చెయ్యి తీసేశాను. ఊరుకున్నాను. డెబ్బై నాలుగేళ్లలో మొదటిసారి, ఔననడానికి ఊరుకున్నాను.

టక్!

హాలు లేచింది. ఎవరెవరో వచ్చి చేతులు పట్టుకుని ఊపేస్తున్నారు. తెరాక అప్పుడే కాగితాలు సర్దుతూ, పదింటికి ముందు నాకు ఏమేం నేర్పాలో వేళ్ల మీద లెక్క పెట్టుకుంటోంది. నాకు భయం లేదు. ఒక కోడితో నలభై మందికి... సరే, ముప్ఫై మందికి వండినవాణ్ణి.

దుంపని ఆకులో చుడుతుంటే బల్ల మీద నీడ పడింది. బంగారు కళ్లద్దాలాయన. ఒంటరిగా వచ్చాడు. నేను లేవబోతే వద్దన్నట్టు చెయ్యి చూపించి, మా పద్ధతిలో నాకంటే కిందికి ఉండేలా నడుం వంచాడు. అది ఎవరు నేర్పారో అనుకునేలోపు నోరు తెరిచాడు. ఇంగ్లీషు కాదు. మా భాష. కొంచెం తుప్పు పట్టింది గానీ, మా ఊరి యాసే.

“మనేయబకి తూర్పునున్న గుంటలోదేనా ఈ దుంప?”

నేను తల ఊపాను.

“ఇంత చిన్నదైపోయిందా!” అన్నాడు. “ఆ గుంటలో దుంపని ఇద్దరం కర్రకి కట్టి మోశాం ఒకప్పుడు. నా భుజం వారం రోజులు నొప్పి పెట్టింది.”

తెరాక చేతిలో కాగితాలు ఆగిపోయాయి. జీవితమంతా ఆ కథ చెప్పి నవ్వులపాలైనవాణ్ణి నేను. నవ్వకుండా దాన్ని నాకే చెప్పిన మొదటి మనిషి ఇతను.

ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“మీ అక్క నెయ్ తింగా ఎలా ఉంది?”

ఆ పేరు నేను ఆ హాల్లో ఎవరికీ చెప్పలేదు. ఇన్ని వారాలుగా మీకూ చెప్పలేదు.